ఆగిపోవడం, ఆపుకోవడం

పోయిన వేసవిలో తెనాలి వెళ్తుంటే, సూర్యాపేట దాటాక నా కారు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ ఒకటి వెలిగింది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి నలభై దాటలేదు. పక్కకి తీసి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే రెండు గంటలకి టోయింగ్ బండి వచ్చింది. దాని ముందు సీట్లో నేనూ నాన్నా ఇరుక్కుని కూర్చున్నాం. మా కారు దర్జాగా వెనక ఎక్కి కూర్చుంది. పోయింది ఒక సెన్సర్. అరచేతిలో పట్టేంత వస్తువు. అది రావడానికి ఐదు రోజులు పట్టింది.

ఆ రెండు గంటలూ వేపచెట్టు కింద నిలబడి నాన్న ఒకటే మాట. "అంబాసిడర్ అయితే ఈపాటికి ఇంట్లో భోంచేసేవాళ్ళం. పదకొండేళ్ళు తిప్పాంరా దాన్ని. ఒక్కసారి రోడ్డు మీద ఆగలేదు."

ఈ వాక్యం మీరూ వినే ఉంటారు. కారు పేరు మారుతుందంతే. కొందరికి ఫియట్, కొందరికి మారుతి ఎనిమిదొందలు. హైదరాబాదులో పాత కార్ల వాళ్ళు ఆదివారం పొద్దున్నే ఎక్కడైనా కలిస్తే టీ చల్లారకముందే ఈ మాట వినిపిస్తుంది: "ఇప్పుడవన్నీ డబ్బాలు సార్. అప్పటివే బండ్లు." నాకు ఆ కార్లంటే ఇష్టమే. కానీ కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి, "ఒక్కసారి కూడా ఆగలేదు" అని ఎవరైనా అంటే లాగ్ ఫైల్ ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. మా ఇంట్లో ఆ ఫైలు ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కారు మన రోడ్ల మీదకి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

స్వతంత్రం వచ్చేనాటికి ఇండియాలో కార్లు ఎక్కువగా పెట్టెల్లో ముక్కలుగా దిగేవి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి కంపెనీలు వాటిని ఇక్కడ బిగించి అమ్ముకునేవి. 1953లో టారిఫ్ కమిషన్, ఇక్కడే విడిభాగాలు తయారుచేసే ఉద్దేశం లేనివాళ్ళు దుకాణం కట్టేయడం మంచిదని తేల్చింది. అమెరికా కంపెనీలు రెండూ వెళ్ళిపోయాయి. కార్లలో చివరికి మూడు మిగిలాయి. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా పక్కన ఉత్తరపారాలో, వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ బొంబాయిలో, స్టాండర్డ్ మద్రాసులో. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3గా పుట్టిన కారు 1950ల చివర్లో ఇక్కడ అంబాసిడర్ అయింది. సొంత దేశంలో ఆ మోడల్‌ని 1959లోనే ఆపేశారు. ఇక్కడ 2014 మే నెల దాకా తయారుచేస్తూనే ఉన్నారు. ఇటలీ ఫియట్ 1100 ఇక్కడ ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుని 2000 ప్రాంతం దాకా లాక్కొచ్చింది.

ఎన్ని తయారుచెయ్యాలో లైసెన్సు చెప్పేది. 1959 నుంచి కార్ల పంపిణీకీ అమ్మకానికీ కంట్రోల్ ఆర్డర్ ఉండేది. డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కొనేవాడు ఎటూ పోలేడు కాబట్టి నాణ్యత ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. మరీ ఊహించుకోనక్కర్లేదు కూడా. 1960ల చివర్లో, కార్ల నాణ్యత దిగజారిపోతోందన్న ఫిర్యాదుల మీద ప్రభుత్వమే ఒక విచారణ కమిటీ వేసింది. ఇప్పుడు మనం "ఆ రోజుల్లో బండ్లు" అని నిట్టూరుస్తున్నది సరిగ్గా ఆ రోజుల గురించే. హారన్ తప్ప మిగతావన్నీ మోగుతాయన్న జోకు కూడా అప్పటి జనం వేసుకున్నదే.

అయితే ఇక్కడో చిక్కుంది. ఆరేడేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువుని మనిషి చెడ్డదనలేడు. అంటే ఆ ఆరేడేళ్ళూ దండగని ఒప్పుకున్నట్టు. పైగా వాకిట్లో ఉన్న కారుకి కొత్త కారు కంటే ఎక్కువ రేటు పలికే రోజులవి. కొత్తది కావాలంటే క్యూ, పాతదైతే ఇవాళే చేతికొస్తుంది. వాడేకొద్దీ విలువ తగ్గని యంత్రాన్ని ఏ యజమాని తిడతాడు?

మా తాతయ్యకి తెనాలిలో ఎరువుల కొట్టు. 1977లో బెజవాడలో ఒక డాక్టర్ గారి దగ్గర సెకండ్ హ్యాండ్ మార్క్ 2 అంబాసిడర్ కొన్నాడు. "డాక్టర్ గారి బండి" అన్నది మన సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఐ.ఎస్.ఐ. మార్కు లాంటిది. ఇప్పటికీ అమ్మేవాళ్ళందరి బండ్లూ సింగిల్ ఓనర్, డాక్టర్ గారివే. ఇంతమంది డాక్టర్లు ఎక్కడున్నారో గానీ. పాత కారు గురించి అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోవడం మొత్తం మార్కెట్‌నే ఎట్లా పాడుచేస్తుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకొచ్చిన నోబెల్‌కి దారి వేసిన పనుల్లో అదొకటి. అమెరికాలో దరిద్రపు కారుని నిమ్మకాయ అంటారు, ఆ వ్యాసం పేరులోనూ అదే ఉంది. మనం కొత్త కారు కొనగానే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. రెండింటికీ సంబంధం లేదనుకోండి.

సరే, లాగ్ ఫైల్. తాతయ్య ఎర్ర అట్ట ఖర్చుల పుస్తకంలో కారుకి వేరే పేజీలు పెట్టాడు. పెట్రోలుకి ఎంత, గ్రీజుకి ఎంత, ఎక్కడ ఏం మార్పించింది, అన్నీ ఉన్నాయి. ఐదు రోజులు ఊళ్ళో పని లేకుండా ఉన్నాను కదా, అటక మీంచి దింపి కూర్చున్నాను. రేడియేటర్ సోల్డరింగు, ఒంగోలు. డైనమో బెల్టు. పాయింట్లు, కండెన్సరు. కింగ్ పిన్ బుష్‌లు. మళ్ళీ రేడియేటర్. కార్బురేటర్ క్లీనింగు. పెట్రోలు పంపు డయాఫ్రం. క్లచ్ ప్లేటు, కావలి, రాత్రి మకాం. 1981లో ఏదో ఒక రిపేరు లేని నెల ఒక్కటంటే ఒక్కటి కనపడలేదు నాకు.

విజయగర్వంతో తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివి, "ఇవన్నీ ఆగడం కాదురా," అన్నాడు. "రేడియేటర్ కాగితే నీళ్ళు పోసుకోవడానికి మనమే ఆపుకుంటాం. పెట్రోలు పంపు వేడెక్కితే తడిగుడ్డ చుట్టి, పావుగంట ఆగి వెళ్ళిపోతాం. అది ఆగిపోవడమా?"

మరి కావలి?

"కావలి... అది వేరు," అన్నాడు.

నేను నవ్వాను గానీ ఆ రాత్రి మాత్రం ఆ మాట వదల్లేదు. మా ఆఫీసులో సర్వర్లు ఎంత నమ్మకమైనవో రెండు అంకెలతో చూస్తాం. ఒక పాడుకీ ఇంకో పాడుకీ మధ్య సగటున ఎంతకాలం నడిచిందన్నది ఒకటి. పడ్డాక లేవడానికి సగటున ఎంతసేపు పట్టిందన్నది రెండోది. నెలకోసారి పడి రెండు నిమిషాల్లో లేచే సర్వర్ ఒకటుందనుకోండి. మూడేళ్ళకోసారి పడి, మూడు రోజులు లేవని సర్వర్ ఇంకొకటి. మూడేళ్ళలో మొదటిది పడుకున్నది గంటా పన్నెండు నిమిషాలు, రెండోది మూడు రోజులు. కాయితం మీద మొదటిదే మేలు. కాకపోతే దాన్ని కనిపెట్టుకుని ఉండేవాడికి సుఖం ఉండదు. ఇంకో విషయం కూడా ఉంది. ముందే చెప్పి ఆపుకున్న సమయాన్ని మేమూ పాడు కింద రాయం, మెయింటెనెన్స్ అంటాం. నాన్న చేసిందీ అదే. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో పాడు అంటే ఏమిటో వేరు.

రెండు నిమిషాల్లో లేవడం ఆ కారు గొప్పతనమా అంటే, పూర్తిగా కాదు. ముప్పై ఏళ్ళపాటు దేశమంతా ప్రధానంగా రెండే మోడళ్ళు తిరిగితే, ఏ ఊరి షెడ్డులో కుర్రాడికైనా ఆ రెండింటి పేగులూ కంఠతా వస్తాయి. ఏళ్ళ తరబడి పెద్దగా మారని ఇంజను, పెద్దగా మారని గేరుబాక్సు. బెజవాడ ఆటోనగర్‌లో దొరకని పార్టు లేదు, దొరక్కపోతే లేతు మీద తిప్పి ఇచ్చేవాడున్నాడు. అంబాసిడర్ నమ్మకమైన కారు కావడానికి కారణం దాని బానెట్ కింద లేదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా రోడ్డు పక్కన నూనె మరకల చేతులతో కూర్చుని ఉంది. అదే కాలంలో స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నవాళ్ళని అడగండి. చూడటానికి ముచ్చటైన బండి, మద్రాసు దాటి వచ్చేకొద్దీ దాన్ని ముట్టుకునే మెకానిక్కులు తగ్గిపోయేవారు. దాని గురించి "అప్పటివే బండ్లు" అని నిట్టూర్చేవాళ్ళు నాకింకా తగల్లేదు.

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఢిల్లీలో ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి ఇచ్చారు. అప్పటికే లక్షకు పైగా బుకింగులు. ధర యాభై వేలకి కాస్త అటూ ఇటూ. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజనూ టెక్నాలజీ సుజుకివి. ఆ మొదటి ఓనరు 2010లో చనిపోయేదాకా కారుని తన దగ్గరే ఉంచుకున్నాడు.

మొదట్లో మనవాళ్ళు దాన్ని చూసి అగ్గిపెట్టె అన్నారు. అంబాసిడర్ టన్ను పైచిలుకు, ఇది 650 కిలోల దరిదాపు. డోరు మీద వేలితో కొట్టి చూసి "రేకు" అని తీర్పు చెప్పేవారు. అయితే ఆ రేకు డబ్బా పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే లేచేది. చలికాలమైనా లేచేది. నెల తర్వాత తీసినా లేచేది. అంతవరకూ కారున్నవాడికి డ్రైవరో, లేదా సగం మెకానిక్కు విద్యో ఉండి తీరాలి. మారుతి వచ్చాక బానెట్ ఎత్తడం రానివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఒంటరిగా ఊరు దాటి వెళ్ళగలిగారు. మా అత్తయ్య డ్రైవింగ్ నేర్చుకున్నది మారుతి మీదే. అంబాసిడర్ గురించి ఆవిడ అభిప్రాయం ఒక్క ముక్క: "అది మీ నాన్నవాళ్ళ క్లబ్బు." పాత కార్ల మీద నేను విన్న అభిప్రాయాలన్నిట్లో చరిత్రకి దగ్గరగా ఉన్నది ఇదే అనిపిస్తుంది. ఆ నీళ్ళు పోసుకోవడాలూ, తడిగుడ్డలూ, రాత్రి మకాములూ మగవాళ్ళకి సాహసాలు. వెనక సీట్లో చంటిపిల్లతో కూర్చున్న మనిషికి అవి రోడ్డు మీద ఆగిపోవడాలే. ఖర్చుల పుస్తకంలో ఆ కాలమ్ లేదు.

కార్ల ప్రదర్శనల్లో కూడా నేను ఇదే చూస్తుంటాను. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టింది 1964లో. కొత్త కార్ల ఆటో ఎక్స్‌పో వచ్చింది 1986 జనవరిలో, ప్రగతి మైదాన్‌లో. మధ్యలో ఇరవై రెండేళ్ళు! చూపించడానికి కొత్తవేవీ లేని దేశం పాతవాటితో పండగ చేసుకుంది. మన చౌమహల్లా పాలెస్‌లో నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, చూసే ఉంటారు. ఆర్డరిచ్చిన మహబూబ్ అలీ ఖాన్ 1911లో, అది రాకముందే కన్నుమూశాడు. అది తిరిగింది మొత్తం కలిపి కొన్ని వందల మైళ్ళే. దాని ముందు నిలబడి ఒకాయన కొడుక్కి చెప్తుంటే విన్నాను, "చూశావా, వందేళ్ళయినా చెక్కుచెదరలేదు" అని. తిప్పకపోతే ఏ బండైనా చెక్కుచెదరదండీ అందామనుకుని ఊరుకున్నాను.

కొత్త కార్ల షోలో జనం చేసేదేమిటో గమనించండి. డోరు తీస్తారు, వేస్తారు, ఆ చప్పుడు వింటారు. "దబ్" అంటే గట్టి బండి, "టప్" అంటే డబ్బా. తాతల కాలపు పరీక్షే. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఇండియాలో అమ్మే ఐదు చిన్న కార్లని గోడకి గుద్ది సున్నా స్టార్లు ఇచ్చాక ఈ డోరు చప్పుడుకి కొత్త గౌరవం వచ్చింది. ఆ నెలలోనే మారుతి 800 తయారీ ఆగింది, మే నెలలో అంబాసిడర్ ఆగింది. అప్పట్నుంచి మన వాదనల్లో బరువు, భద్రత, మన్నిక మూడూ ఒకే మాట అయిపోయాయి. ఏళ్ళ తరబడి చెడకుండా నడిచిన కారు గుద్దుకుంటే నలిగిపోవచ్చు. గుద్దుకున్నప్పుడు కాపాడే కారు సూర్యాపేట దగ్గర సెన్సర్ పోయి ఆగిపోవచ్చు. రెండూ వేరువేరు ప్రశ్నలు. నాకు తెలిసి ఏ టీ బండి దగ్గరా ఇవి విడివిడిగా నడవలేదు.

ఐదో రోజు కారు తెచ్చుకోవడానికి నాన్న కూడా వచ్చాడు. సర్వీస్ సెంటర్లో ఏసీ హాలు, కాఫీ మిషను, అద్దం అవతల ఎక్కడో మెకానిక్కులు. మన బండిని ఎవరు ముట్టుకున్నారో తెలీదు. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్ మీద సంతకం పెట్టించుకుని తాళం ఇచ్చాడు. నాన్న కదల్లేదు. కుర్రాడి వైపు చెయ్యి చాపి నిలబడ్డాడు.

"పాతదేదీ, బాబూ?"

"ఏది సార్?"

"మార్చారు కదా. పాత పార్టు."

మార్చిన పార్టు చేతికి తీసుకోకుండా షెడ్డు దాటకూడదన్నది తాతయ్య నియమం. తెనాలి ఇంటి పెరట్లో రేకు డబ్బా నిండా ఇప్పటికీ ఆ అంబాసిడర్ ప్లగ్గులూ, బుష్‌లూ, అరిగిన బెల్టులూ ఉన్నాయి. కావలి క్లచ్ ప్లేటు కూడా.

"వారంటీ కదా సార్, అది కంపెనీకి పంపించేశాం," అన్నాడు కుర్రాడు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు చూశాడు. "మరి మార్చారని మనకెట్లా తెలుస్తుందిరా?" అన్నాడు.