హోటల్ కిచెన్‌లో తొలి మెట్టు: కామీ చెఫ్‌గా చేరాలంటే ఏం కావాలి?

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో వంట వచ్చిన చేతులకు కొదవ లేదు. షాదీఖానాలో వెయ్యి మందికి బిర్యానీ దమ్ పెట్టే మాస్టర్ వెనక నలుగురైదుగురు కుర్రాళ్లు ఉల్లిగడ్డలు కోస్తూ, బియ్యం కడుగుతూ పని నేర్చుకుంటుంటారు. ఏజెన్సీ గ్రామాల్లో బొంగులో చికెన్ కాల్చే యువకులున్నారు. రామాలయం చుట్టూ టిఫిన్ సెంటర్లలో తెల్లవారుజామునే పిండి రుబ్బే వాళ్లున్నారు. అయితే వీళ్లే హైదరాబాద్‌లో పెద్ద హోటల్‌కు పోతే ముందు అడిగేది "సర్టిఫికెట్ ఉందా? ఏ సెక్షన్‌లో చేశావ్?" అనే. చేతిలో పని ఉండి కాగితం లేకపోవడంతో చాలామంది గిన్నెలు కడిగే పని దగ్గరే ఆగిపోతున్నారు. ఆ కాగితం ఎట్లా సంపాదించాలి, చేరాక ఏం ఉంటుంది అన్నదే ఈ వివరం.

హోదాలు

పెద్ద కిచెన్లలో ఇప్పుడున్న హోదాల పద్ధతిని 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ చెఫ్ ఎస్కాఫియే స్థిరపరిచారు. మన దగ్గర కొత్తగా చేరినవారు కామీ-3 (కామిస్ అని కూడా అంటారు). తర్వాత కామీ-2, కామీ-1, ఒక సెక్షన్ మొత్తం చూసే చెఫ్ డి పార్టీ (సీడీపీ), ఆపైన సూ చెఫ్, ఎగ్జిక్యూటివ్ చెఫ్. కామీ స్థాయిలో ఒక్కో మెట్టుకు సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి పాసైతే మూడు దారులున్నాయి. ఒకటి, ఐటీఐలో ఏడాది ఫుడ్ ప్రొడక్షన్ (జనరల్) ట్రేడ్. రెండు, హైదరాబాద్ విద్యానగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ లాంటి సంస్థల్లో ఏడాదిన్నర క్రాఫ్ట్స్‌మన్‌షిప్ కోర్సు. మూడు, అప్రెంటిస్‌షిప్. 2019 నిబంధనలు పదో తరగతి పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 6,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. ఇంటర్ పాసైనవారు ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాసి డిగ్రీలోనూ చేరవచ్చు.

డబ్బు కట్టలేనివారు 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గురించి అడగాలి. 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు ఉచిత శిక్షణ ఇది. పథకం మార్గదర్శకాల్లో ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం, మైనారిటీలకు 15 శాతం సీట్లు కేటాయించారు. మూడో వంతు మహిళలకు దక్కాలి. హాస్పిటాలిటీ బ్యాచ్ ఎప్పుడుందో జిల్లా గ్రామీణాభివృద్ధి ఆఫీసులో తెలుసుకోవాలి. గిరిజన యువత భద్రాచలం ఐటీడీఏలో కూడా విచారించవచ్చు.

వెంటనే ఊరు వదలలేని వారికి సారపాక పేపర్ మిల్లు, పాల్వంచ థర్మల్ కేంద్రం, సింగరేణి ఉన్న ఈ ప్రాంతంలో క్యాంటీన్ పని ఒక ఆరంభం. పెద్ద మొత్తంలో వండటం, టైముకు అందించడం అక్కడ అలవాటవుతాయి. ఆరు నెలలు చేసినా సరే, కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం రాయించుకోండి. మాట మీద చేసిన పనికి ఇంటర్వ్యూలో విలువ ఉండదు.

మొదటి ఏడాది

చేరగానే గరిటె చేతికి ఇవ్వరు. కూరగాయలు ఒకే సైజులో కోయడం, ఉల్లి, టమాటా గ్రేవీలు సిద్ధం చేయడం, ఫ్రిజ్‌లో డబ్బాలకు తేదీ రాసి పెట్టడం, ముందొచ్చిన సరుకు ముందు వాడటం, ఇవే పనులు. పది, పన్నెండు గంటలు నిలబడాలి. పండగ రోజే ఎక్కువ పని. ఈ దశలోనే చాలామంది వదిలేసి ఇంటికి వచ్చేస్తారు.

ఇంట్లో, ఫంక్షన్‌లో మనం చేతి అంచనాతో వండుతాం. హోటల్‌లో ఉప్పు కూడా గ్రాముల్లోనే. ఈ రోజు వండిన రుచే రేపూ రావాలి కాబట్టి జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి కొలతా రాసుకోవాలి. పచ్చి మాంసానికి ఎరుపు, చేపకు నీలం, ఇట్లా కటింగ్ బోర్డులు వేరుగా ఉంటాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందుకే చల్లనిది 5 లోపు, వేడిది 60 పైన ఉంచుతారు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం సిబ్బందికి ఏటా వైద్య పరీక్ష తప్పనిసరి.

హైదరాబాద్ కిచెన్లలో మాటలన్నీ ఎక్కువగా హిందీ, ఉర్దూల్లోనే. ఉర్దూ వచ్చిన మన పిల్లలకు ఇది కలిసొచ్చే విషయం. తెలుగు, కోయ మాత్రమే మాట్లాడేవారు పని మాటలైనా ముందే నేర్చుకుంటే మంచిది.

జీతం, హక్కులు

పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. కాలిన గాయాలు, కత్తి గాట్లు మామూలైన పని ఇది, కాబట్టి చేరిన నెలలోనే ఈఎస్‌ఐ నంబర్ అడగండి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పీఎఫ్ ఉండాలి. వారానికి 48 గంటలు మించితే అది ఓవర్‌టైమ్.

గల్ఫ్‌కు పోవాలనుకుంటే

పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది. పాస్ కాకపోతే సౌదీ, యూఏఈ, ఖతర్ సహా 18 దేశాలకు ఉద్యోగం మీద పోవడానికి క్లియరెన్స్ తీసుకోవాల్సిందే. ఏజెంట్ లైసెన్స్‌ను ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. విజిట్ వీసా మీద పంపుతానంటే ఒప్పుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ పేరు నమోదు చేసుకోవచ్చు.

ముందుగా పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు ఖాతా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒక ఫైల్‌లో పెట్టుకోండి. పది తప్పిన వారు ఓపెన్ స్కూల్ ద్వారా దాన్ని పూర్తి చేయడం మంచిది. పైన చెప్పిన దారుల్లో చాలావాటికి మొదట అడిగేది ఆ మెమోనే.