బేస్‌మెంట్‌లో నీళ్లొస్తే ఇన్సూరెన్స్ ఎందుకు రాదు?

అమెరికాలో ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నా, వరద నీళ్లు బేస్‌మెంట్‌లోకి వస్తే మామూలు పాలసీ డబ్బులివ్వదు. ఎందుకో తెలియాలంటే 1927కి వెళ్లాలి. ఆ ఏడాది మిసిసిపి నది పొంగి ఊళ్లకు ఊళ్లే మునిగాయి. అగ్గి అంటుకుంటే ఒక ఇల్లు కాలుతుంది, వరదొస్తే వీధంతా ఒకేసారి మునుగుతుంది. ఇంతమందికి కట్టలేమని కంపెనీలు తప్పుకున్నాయి. 1965లో బెట్సీ తుఫాను లూసియానాను ముంచాక, 1968లో చట్టం చేసి ప్రభుత్వమే వరద ఇన్సూరెన్స్ తెచ్చింది. అందులోనూ బేస్‌మెంట్‌కి కోతే: ఫర్నేస్, వాటర్ హీటర్‌కి డబ్బులొస్తాయి గానీ సోఫా, కార్పెట్‌కి రావు. 2021లో ఐడా తుఫానుకి న్యూజెర్సీలో చాలా బేస్‌మెంట్లు మునిగాయి. అక్కడ మనవాళ్లుంటే ఒక మాట చెప్పండి: కొత్త వరద పాలసీ మామూలుగా 30 రోజుల తర్వాతే పనిచేస్తుంది. మబ్బు పట్టాక కొంటే లాభం లేదు.