డ్యూక్ ఎల్లింగ్టన్ మేళం

మంట ఎగదొయ్యరా చిన్నోడా, చెబుతాను. క్లారినెట్ పట్టావు గనక ఈ ముచ్చట నీకు తెలియాలి.

అమెరికాలో డ్యూక్ ఎల్లింగ్టన్ అని ఓ నల్లాయన, జాజ్ బ్యాండు మేష్టరు. 1899లో వాషింగ్టన్‌లో పుట్టాడు. అసలు పేరు ఎడ్వర్డ్. చిన్నప్పటి నుంచే ఆ దర్జా చూసి స్నేహితులు డ్యూక్ అన్నారు. బేస్‌బాల్ ఆడుతుంటే బ్యాటు నెత్తికి తగిలిందని, తల్లి భయపడి పియానో పాఠాలకు పంపిందట.

1923లో న్యూయార్క్ చేరాడు. 1927 డిసెంబరులో హార్లెమ్‌లోని కాటన్ క్లబ్బులో కుదిరాడు. అక్కడ వాయించేది నల్లవాళ్లు, బల్లల దగ్గర కూర్చుని వినేది తెల్లవాళ్లు. కానీ అక్కడి పాట రేడియోలోనూ వచ్చేది, రేడియోకి గేటు కాపలా ఏముంది? దేశమంతా విన్నది. ఆ దేశపు దక్షిణాదికి వెళితే హోటళ్లలో నల్లవాళ్లకు గది ఇచ్చేవారు కాదు. అందుకని రైలు పెట్టెలే అద్దెకు తీసుకుని, అందులోనే తిని, అందులోనే పడుకునేవారు.

అసలు గొప్పంతా ఎక్కడుందో విను. ఆయన ట్రంపెట్‌కో శాక్సఫోన్‌కో రాయలేదు. కూటీ విలియమ్స్‌కి రాశాడు, జానీ హాడ్జెస్‌కి రాశాడు. ఎవడి ఊపిరి ఎంత, ఎవడి స్వరం ఎక్కడ జీర పోతుంది, అన్నీ ఆయనకి తెలుసు. హ్యారీ కార్నీ 17 ఏళ్ల కుర్రాడిగా 1927లో చేరి, మేష్టరు పోయేదాకా వదల్లేదు. ఊళ్లు తిరిగేటప్పుడు మేష్టరు కారు తోలేవాడు కూడా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద బ్యాండులన్నీ చెదిరిపోయాయి. ఈయన మాత్రం పాటల మీద వచ్చే రాయల్టీ తెచ్చి జీతాలకు పోశాడు. మన మేళాల్లో లగ్గాలు అయిపోగానే ఎవడి దారి వాడిదే, చూస్తున్నావుగా!

1956 నాటికి ఆయన పని అయిపోయిందనుకున్నారు. ఆ ఏడు న్యూపోర్ట్ జాజ్ పండుగలో వాయించారు. ఆ రాత్రి బ్యాండులోని పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద 27 ఆవర్తాలు ఏకబిగిన ఊదాడు. జనం లేచి గంతులేశారు. ఆ వేసవిలోనే టైమ్ పత్రిక అట్టమీద డ్యూక్ బొమ్మ పడింది.

1965లో ఆయనకి పులిట్జర్ బహుమతి ఇమ్మని జ్యూరీ చెప్పినా పైనున్న బోర్డు ఒప్పుకోలేదు. అప్పటికి ఆయనకి 66 ఏళ్లు. మరీ చిన్నతనంలో పేరు రాకూడదని విధి చూసుకుంటోంది కాబోలని నవ్వేశాడు. ఆయన పోయింది 1974లో, బహుమతి ఇచ్చింది 1999లో. నన్నడిగితే సిగ్గుపడాల్సింది ఆ బోర్డే.

మన దేశానికీ వచ్చారు, 1963లో. ఆయనకి కుడిభుజం బిల్లీ స్ట్రేహార్న్. టేక్ ది ఏ ట్రైన్ రాసింది అతనే. ఢిల్లీలో ఉండగా అతని చెవిన ఓ గోరింక కూత పడింది. దాని మీద బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ అని పాట కట్టాడు. 1966లో రికార్డయింది. అందులో గోరింక వంతు జిమ్మీ హామిల్టన్ క్లారినెట్‌ది. ఫోను తియ్యి, ముందు అది విను. హామిల్టన్ ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో పట్టుకుని, రేపు పొద్దున నా ముందు వాయించి చూపించు.