నకలు ఫోల్డర్ల సరిచూత

కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు తీసిన నకలు అసలుతో అక్షరాలా సరిపోయిందో లేదో తేల్చుకునే పని. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన గోదావరి డెల్టాలో నకలును వేరే ఊళ్లో ఉంచడమే మేలు. కానీ సరిచూడని నకలు ఎక్కడున్నా ఒకటే. 1996లోనే ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ విడుదల చేసిన నకలు సాధనం ఆర్‌సింక్ మామూలుగా ఫైలు సైజు, మార్పు సమయం మాత్రమే చూస్తుంది. లోపలి బైట్లు చెడినా ఆ రెండూ మారకపోవచ్చు. ఆలస్యమైనా, లోపలి బైట్లను బట్టి పోల్చే చెక్‌సమ్ ఆప్షనే నయం.

తెలుగు పేర్లతో ఒక తిరకాసుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. పాత మాక్ డిస్కులు రెండుగా విడగొట్టి దాచేవి. అందుకే తణుకు దగ్గరి ‘పైడిపర్రు’ పేరు పెట్టిన ఫోల్డర్, లినక్స్ నకలుతో పోల్చినప్పుడు కంటికి ఒకేలా ఉంటూనే ఒకవైపు లేనట్టు, మరోవైపు అదనంగా ఉన్నట్టు తేలవచ్చు.