పగిలిన ముక్కల నుంచి లేచిన చర్చి



ఈ సెమిస్టర్‌లో మాకు బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ల్యాబ్ మొదలైంది. మొదటి పనిగా ఎవరి ఇల్లు వాళ్లని గీయమన్నారు. టౌన్ నుంచి వచ్చినవాళ్లు అరగంటలో ముగించారు. గోడ బటన్ నొక్కితే గోడ, తలుపు బటన్ నొక్కితే తలుపు. గూడేల నుంచి వచ్చిన మేం మాత్రం గంట దాటినా అక్కడే కూర్చున్నాం. ఆ లిస్టులో నిట్రాడు లేదు, తడిక గోడ లేదు. కప్పు వాలు ఎన్ని డిగ్రీలు అని అడిగింది. మా ఇళ్లు కట్టిన తాతలు డిగ్రీలు చెప్పలేదు, మూరలు వేసి చూపించారు. మేమే సరిగ్గా చూడలేదు.

ఆ రోజు సిగ్గేసింది. సాఫ్ట్‌వేర్‌కి లొంగని కట్టడాలు మనవేనా, ఇంకా ఉన్నాయా అని వెతికాం. అప్పుడు దొరికింది స్పెయిన్ దేశం, బార్సిలోనా నగరంలోని సగ్రాడా ఫమీలియా చర్చి కథ. మనకి చాలా దూరం ఊరే. కానీ చదివేకొద్దీ మన సంగతే అనిపించింది.

ఆ చర్చి పని 1882లో మొదలైంది. మరుసటి ఏడాది ఆంటోనీ గౌడీ అనే ఆర్కిటెక్ట్ చేతికి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 31. రాగి పాత్రలు చేసే పనివాడి కొడుకు. చనిపోయేదాకా, అంటే 43 ఏళ్లు, ఆ పని వదల్లేదు.

ఆయన కాగితం కన్నా నమూనాలనే ఎక్కువ నమ్మాడు. కొలోనియా గుయెల్ అనే కార్మికుల కాలనీలో ఇంకో చర్చి కోసం ఏం చేశాడో వినండి. తాళ్లు వేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులు కట్టాడు. బరువుకి తాడు తనంతట తానే ఒక ఒంపు తిరుగుతుంది. దాన్ని ఫొటో తీసి తలకిందులు చేస్తే, అదే బరువుని మోయగల కమాను ఆకారం దొరుకుతుంది. ఒక సంచి బరువు మారిస్తే తాళ్లన్నీ సర్దుకుంటాయి. ఇప్పుడు కంప్యూటర్ చేసే లెక్కని అప్పుడు తాళ్లే చేశాయి.

తర్వాత సగ్రాడా ఫమీలియాకి ఇంకో పద్ధతి పట్టాడు: నిటారు గీతలతో ఒంపులు పుట్టించడం. నులక మంచం ఊహించుకోండి. ఒక మూల కోడు కింద రాయి పెట్టి పట్టెలు మెలి తిరిగేలా చేస్తే, నులక తాళ్లు నిటారుగానే ఉంటాయి, మంచం మాత్రం ఒంపు తిరుగుతుంది. వెదురు పుల్లలతో చేసే నడుము సన్నటి స్టూలూ అంతే. పుల్లలన్నీ నిటారువే, ఏటవాలుగా కట్టేసరికి నడుము వస్తుంది. చర్చి లోపలి కప్పు, కిటికీలు చాలావరకు ఈ రెండు ఆకారాలే. 1909లో అక్కడి కూలీల పిల్లల కోసం గౌడీ ఒక చిన్న బడి కూడా కట్టాడు. దాని కప్పు అలల్లా ఉంటుంది, కింద దూలాలు మాత్రం నిటారువే.

1926 జూన్‌లో గౌడీని ట్రామ్ గుద్దింది. బట్టలు మరీ పాతవి కావడంతో ఎవరో బిచ్చగాడు అనుకున్నారు. మూడు రోజులకు చనిపోయాడు. పదేళ్ల తర్వాత, 1936 జులైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆయన వర్క్‌షాప్‌ని తగలబెట్టారు. డ్రాయింగులు కాలిపోయాయి. ప్లాస్టర్ నమూనాలు ముక్కలయ్యాయి.

ఆయనతో పనిచేసినవాళ్లు ఆ ముక్కలు పారేయలేదు. ఏరి దాచి, ఏళ్ల తరబడి ఒక్కోటి అతికించారు. 1965లో లె కార్బూజియే లాంటి పెద్ద పెద్ద ఆర్కిటెక్టులు పని ఆపేయమని పత్రికలో లేఖ రాశారు. గౌడీ లేకుండా గౌడీ చర్చి ఎలా కడతారు అని. అది తీసిపారేసే ప్రశ్న కాదు. అయినా పని ఆగలేదు.

1979లో మార్క్ బర్రీ అనే న్యూజిలాండ్ విద్యార్థి అక్కడికి వెళ్లాడు. మనకన్నా రెండేళ్లో మూడేళ్లో పెద్ద, అంతే. అక్కడి ముసలి ఆర్కిటెక్టులని అడిగి తెలుసుకున్నాడు. ఆ ముక్కల్లో ఉన్న జ్యామితిని బయటికి తీసే పని అతనికి వచ్చింది. 1980లన్నీ దాదాపు చేత్తో గీయడమే. ఒక కిటికీ నడుము కొంచెం మారిస్తే పక్కన ఉన్నవన్నీ మళ్లీ గీయాలి. అప్పటి ఆర్కిటెక్చర్ సాఫ్ట్‌వేర్లకి ఈ ఒంపులు చేతకాలేదు. అందుకే 1990లలో విమానాలు డిజైన్ చేసే కాటియా లాంటి సాఫ్ట్‌వేర్‌ని తెచ్చుకున్నారు.

దాంతో చేసింది ఇది. ఒక ఆకారాన్ని గీతగా కాదు, కొన్ని అంకెలుగా పెట్టారు: ఎక్కడ ఉంది, ఎంత వంగింది, నడుము ఎంత, ఎంత విచ్చుకుంది. పక్కపక్క ఆకారాలు కలిసే చోట అంచులు, మూలలు ఏర్పడతాయి. ఆ మూలలు ప్లాస్టర్ ముక్కల మీద మిగిలే ఉన్నాయి. వాటిని కొలిచి, కంప్యూటర్‌లో అంకెలు మారుస్తూ, తెరమీది మూలలు ముక్కల మీది మూలలతో కలిసేదాకా వెతికారు. దీన్నే పారామెట్రిక్ మోడలింగ్ అంటున్నారు. 2010 నవంబర్ 7న లోపలి భాగం పూర్తయి చర్చికి ప్రతిష్ఠ జరిగింది.

మాకు అర్థమైంది ఒకటే. కంప్యూటర్ కొత్తగా ఏమీ పుట్టించలేదు. గౌడీ ఒక నియమం ప్రకారం కట్టాడు, ఆ నియమం ముక్కల్లో కూడా బతికి ఉంది, ముక్కలు దాచినవాళ్లు ఉన్నారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా సాఫ్ట్‌వేర్ చేయగలిగేది ఏమీ లేదు.

మన ఇళ్లకీ నియమం ఉంది. సెలవుల్లో వెళ్లి తాతల్ని అడిగాం. నిట్రాడు ఇన్ని మూరలైతే గోడ ఇన్ని మూరలు, చూరు ఇంత బయటికి రావాలి అని నోటితోనే చెప్పారు. వానజల్లు గోడకి తగలకూడదని చూరు కొలత అట. తిరిగొచ్చి ఇంటి వెడల్పుతో పాటు ఆ అంకెలు పెడితే కప్పు వాలు దానంతటదే తేలింది. డిగ్రీలు తాతలకి తెలియక కాదు, ఆ కొలతల్లోనే ఉన్నాయి.

స్లాబ్ ఇళ్లు వద్దని మేం అనడం లేదు. వానాకాలం కురిసే కప్పు కింద పడుకున్నవాళ్లమే. కానీ మనవాళ్లు పాత ఇల్లు విప్పి స్లాబ్ వేసే రోజు, ఆ ఇంటి కొలతలు కూడా చెత్తలో పోతున్నాయి. మనకి తగలబెట్టేవాళ్లు అక్కర్లేదు, అడగకపోతే చాలు.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అన్నలూ అక్కలూ, మీ ఊళ్లో పాత ఇల్లు ఒక్కటి మిగిలినా టేపు పట్టుకుని వెళ్లండి. నిట్రాడు, గోడ, చూరు, ఇంటి వెడల్పు కొలవండి. వాటిని మీ భాషలో ఏమంటారో రాయండి, కట్టిన పెద్దల్ని ఎందుకలా అని అడగండి. కొలతలు ఇక్కడే పెట్టండి. మోడల్ గీసే పని మాది.