నంద్యాల ఓటు, పోఖ్రాన్ షాఫ్టు

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉపఎన్నిక జరిగింది. పీవీ నరసింహారావు ప్రధానమంత్రి అయ్యి అప్పటికి ఐదు నెలలు. కానీ పార్లమెంటులో ఏ సభలోనూ సభ్యుడు కాదు. అంతకు కొద్ది నెలల ముందే నంద్యాల నుంచి గెలిచిన ఆళ్లగడ్డ నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి ఆయన కోసం రాజీనామా చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున ఎవరినీ నిలబెట్టలేదు. పీవీకి వచ్చిన మెజారిటీ దాదాపు 5 లక్షల 80 వేలు. మావైపు ఈ కథని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చిన్నప్పటినుంచీ అలాగే విన్నాను.

ఆ కథలో ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. మనం గెలిపించిన ఆ ఎంపీ మన పేరు మీద ఢిల్లీలో కూర్చుని అణుబాంబు పరీక్షకు ఏర్పాట్లు చేయించాడు.

1995 డిసెంబరులో రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో షాఫ్టుల దగ్గర పనులు జరుగుతున్న ఆనవాళ్లని అమెరికా ఉపగ్రహాలు పట్టేశాయి. న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ వచ్చి ఒత్తిడి పెట్టాడు. పరీక్ష ఆగింది. 1996లో పీవీ ఓడిపోయి దిగిపోతూ బాంబు సిద్ధంగా ఉందని వాజపేయికి చెప్పాడట. ఈ మాట బయటపెట్టింది వాజపేయే, 2004 డిసెంబరులో పీవీ చనిపోయాక. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పేలినవాటి వెనక నంద్యాల ఎంపీ చేసిన తయారీ కూడా ఉంది.

ఇందులో నన్ను కుదురుగా ఉండనివ్వని తేదీ మాత్రం 1995 డిసెంబరు కాదు, అదే ఏడాది జూన్. అణ్వాయుధాల వాడకం చట్టబద్ధమేనా అని ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడిగింది. భారత ప్రభుత్వం తన వాదనని రాసిచ్చింది. బాంబు వాడటం, చివరికి ప్రతీకారంగా వాడటం కూడా, చట్టవిరుద్ధమేనంది. అణ్వాయుధంతో భయపెట్టి యుద్ధాన్ని ఆపుతామనే సిద్ధాంతం, అంటే డిటరెన్స్, మనిషి మనసు సహించలేనిదని కూడా అంది. ఆరు నెలలు తిరిగేసరికి అదే ప్రభుత్వం పోఖ్రాన్‌లో షాఫ్టులు సిద్ధం చేయిస్తోంది. రెండుచోట్లా ప్రధానమంత్రి ఒకడే.

రాజకీయంగా దీన్ని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. చైనా దగ్గర 1964 నుంచీ బాంబు ఉంది. పాకిస్తాన్ దగ్గరా ఉందని అందరికీ తెలుసు. 1995 మేలో అణువ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతం చేశారు. ఇక పరీక్షలమీదే నిషేధం రాబోతోంది. తలుపు మూసుకునేలోపు లోపలికి దూరాలనుకోవడం ఏ పాలకుడికైనా సహజం. పీవీని కపటి అని తేల్చేసి పేజీ తిప్పేయడం సులువు. కానీ ఆయన హేగ్‌లో చెప్పించిన మాట నిజమా, పోఖ్రాన్‌లో చేయించిన పని నిజమా అన్న ప్రశ్న ఆయనతోనే పోయేది కాదు. ఓటేసిన మనదాకా వస్తుంది.

*

మా అమ్మమ్మవాళ్లది ఆళ్లగడ్డ దగ్గర. ఆదివారం గుడికి వెళ్లే ఇల్లు. ఆ ప్రాంతంలో గుడి అంటే చాలామందికి ఎస్పీజీ మిషను. 19వ శతాబ్దంలోనే చాగలమర్రి వైపు ముత్యాలపాడులో ఆ మిషనుకి కేంద్రం ఉండేది. తర్వాత నంద్యాల పెద్దదైంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు. బిషపుల పరంపర, గురువుల అభిషేకం లాంటి విషయాల్లో వాళ్లకి అభ్యంతరాలున్నాయి. 1970ల దాకా బయటే ఉన్నారు. వాళ్లు చేసింది ఒప్పా తప్పా అన్నది పక్కన పెడదాం. మనస్సాక్షికి నచ్చకపోతే లోకమంతా ఒకవైపు వెళ్తున్నా ఆగిపోవడం తెలిసిన జనం వాళ్లు.

ఆంగ్లికన్ ఆరాధన క్రమంలో పాలకుల కోసం చేసే ప్రార్థన ఒకటుంటుంది. 1991 నుంచి 96 దాకా నంద్యాలలో ఆ ప్రార్థన చేసినవాళ్లు ఏకకాలంలో తమ ప్రధాని కోసమూ, తమ ఎంపీ కోసమూ ప్రార్థించారన్నమాట. అందుకే అడగాలనిపిస్తుంది: ఆ గుడి నమ్మే సంప్రదాయం ఆ పాలకుడి చేతిలో ఉన్న వస్తువు గురించి ఏం చెబుతుంది?

యుద్ధమే వద్దని అనదు, కనీసం అందులో పెద్ద పాయ. రోమా పత్రిక 13వ అధ్యాయంలో పాలకుడి చేతిలో కత్తి ఉంది, అది ఊరికే లేదు. అగస్టీను నుంచి థామస్ అక్వినాస్ దాకా పెరిగిన న్యాయయుద్ధ సిద్ధాంతం ఆ కత్తికి హద్దులు గీసింది. కారణం న్యాయమైనదై ఉండాలి. ఉద్దేశం సరైనదై ఉండాలి. తర్వాతివాళ్లు మరో రెండు గట్టిగా చేర్చారు: యుద్ధంలో లేనివాళ్లని గురిపెట్టి చంపకూడదు, కలిగే నష్టం సాధించే మేలుని మించకూడదు.

1945 ఆగస్టు 9న ఈ హద్దులన్నీ ఒక్క ఉదయంలో చెరిగిపోయాయి. విమానం వెళ్లాల్సింది కోకురాకి. అక్కడ కింద ఏమీ కనపడక నాగసాకి వైపు మళ్లింది. బాంబు పేలింది ఉరకామి లోయ మీద. అది జపాన్‌లో క్రైస్తవులు అందరికంటే ఎక్కువగా ఉన్న చోటు. రెండు శతాబ్దాలకు పైగా నిషేధాల కింద దాక్కుని విశ్వాసాన్ని కాపాడుకున్న కుటుంబాలవి. ఆ సమయానికి కెథడ్రల్‌లో పాపసంకీర్తనం జరుగుతోంది. అక్కడి 12 వేలమంది కేథలిక్కుల్లో దాదాపు 8,500 మంది చనిపోయారు. బాంబులు బయల్దేరిన టినియన్ దీవిలో సైనికులకి కేథలిక్ చాప్లెయిన్‌గా ఉన్న జార్జి జబెల్కా, ఆ రోజుల్లో తాను నోరు విప్పనందుకు తర్వాతి కాలంలో బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. చచ్చిపోయినవాళ్లు క్రైస్తవులు కాకపోతే తప్పు తగ్గేది కాదు. కానీ క్రైస్తవ దేశమని చెప్పుకునేచోట నుంచి వచ్చిన బాంబుకి కింద ఎవరున్నారో తెలియదని, తెలుసుకునే అవసరమూ లేదని నాగసాకి చూపించింది.

"సరే, కానీ మన బాంబు వాడటానికి కాదు, వాడకుండా ఉండటానికి" అంటారు. బాంబుకి సైనిక ప్రయోజనం ఉందంటే అది ఇదే. సైన్యం భూమిని పట్టుకోవడానికో, ఇంకో సైన్యాన్ని ఓడించడానికో పనికొచ్చే ఆయుధం కాదు ఇది. ఎదుటివాడి మనసులో పనిచేయాలి. నా వృత్తి భాషలో చెప్పాలంటే ఎప్పటికీ రన్ కాకూడని ఫంక్షన్ అది. కానీ కాల్ చేస్తే మాత్రం నూటికి నూరుపాళ్లు రన్ అవుతుందని అందరికీ తెలిసుండాలి. అంటే దాన్ని రాయాలి, టెస్ట్ చేయాలి, రోజూ సిద్ధంగా ఉంచాలి, అవసరమైతే నొక్కే మనుషుల్ని తయారుచేయాలి. ఉత్తుత్తి బెదిరింపు అయితే పనిచేయదు. నిజంగా చంపే ఉద్దేశం ఉంటేనే పనిచేస్తుంది.

క్రైస్తవ ఆలోచనకి సరిగ్గా ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ సంప్రదాయంలో పాపం చెయ్యి ఎత్తినప్పుడు కాదు, మనసు నిశ్చయించుకున్నప్పుడే మొదలవుతుంది. హిరోషిమాకి ఆదేశమిచ్చిన ట్రూమన్‌కి 1956లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ డిగ్రీ ఇవ్వబోతే తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కూమ్ అడ్డంపడింది. అమాయకుల్ని చంపడాన్ని ఒక సాధనంగా ఎంచుకోవడం హత్యేనని ఆమె వాదన. 1965లో రెండవ వాటికన్ మహాసభ నగరాలకి నగరాల్ని తుడిచేసే యుద్ధచర్యని ఖండించింది. కానీ డిటరెన్స్ దగ్గరికొచ్చేసరికి సంఘాలు చాలాకాలం తటపటాయించాయి. 1983లో అమెరికా కేథలిక్ బిషపులు నిరాయుధీకరణ వైపు నడిచేంతవరకే దాన్ని సహించవచ్చన్నారు. అదే ఏడాది ఇంగ్లండు సంఘం సైనాడ్ ఏకపక్షంగా బాంబు వదులుకోవాలన్న నివేదికని తోసిపుచ్చి, ముందుగా మాత్రం వాడకూడదంది. 2017లో పోపు ఫ్రాన్సిస్ వాటిని కలిగి ఉండటమే తప్పన్నాడు.

ఆ మధ్య గడిచిన 34 ఏళ్లలో ఏం మారింది? షరతు నెరవేరలేదు. తాత్కాలికమని ఒప్పుకున్నది శాశ్వతమైంది. నాకు ఫ్రాన్సిస్ వాదనే నిలబడేలా కనిపిస్తుంది, కారణం కూడా అదే. 2003 జనవరిలో ప్రకటించిన భారత అణువిధానం ముందుగా వాడనంటుంది. అది మంచి మాట. కానీ మనమీద వాడితే ప్రతిదాడి భారీగా, ఎదుటివాడు భరించలేని నష్టం కలిగించేలా ఉంటుందని కూడా అంటుంది. భరించలేని నష్టం అన్న మాటలో ఊళ్లున్నాయి, గుళ్లున్నాయి, మసీదులున్నాయి, బడికెళ్లే పిల్లలున్నారు. ప్రతీకారంగా కూడా తప్పేనని హేగ్‌లో మనమే చెప్పింది సరిగ్గా దీని గురించే.

*

2019లో ఆళ్లగడ్డ పరిసరాల్లో యురేనియం కోసం డ్రిల్లింగు మొదలుపెడితే జనం అడ్డుపడ్డారు. నీళ్లు పాడవుతాయి, పొలాలు పోతాయి, నల్లమల పోతుందని వాళ్ల భయం. పక్క కడప జిల్లాలో తుమ్మలపల్లె గని కళ్లెదుటే ఉంది. న్యాయమైన భయమే. ఇంకో సంగతి కూడా ఉంది. 2008 ఒప్పందాల తర్వాత విదేశాల నుంచి కొన్న యురేనియం అంతర్జాతీయ తనిఖీలున్న పౌర రియాక్టర్లకే వెళ్లాలి. మన నేలలో తవ్విన దానికి ఆ కట్టుబాటు లేదు. కరెంటుకీ పోవచ్చు, బాంబుకీ పోవచ్చు. కాబట్టి 1991లో ఓటు రూపంలో వచ్చిన ప్రశ్న మళ్లీ మన్ను రూపంలో ఆళ్లగడ్డకి వచ్చింది.

పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మమ్మని అడిగాను, పీవీకి ఓటేశావా అని.

"వేసినాం నాయనా, ఊరంతా వేసినారు. మన తెలుగాయన కదా."

బాంబు సంగతి చెప్పాను. హేగ్ సంగతీ, షాఫ్టుల సంగతీ. చాలాసేపు ఏమీ అనలేదు.

"మాకెవరు చెప్పినారు? చెప్పింటే అడిగేవాళ్లం గదా."

ఏమని అడిగేవాళ్లో నేను అడగలేదు. మరుసటి ఆదివారం ఆమెతోపాటు గుడికి వెళ్లాను. అయ్యగారు పాలకుల కోసం ప్రార్థన చేయించారు. వాళ్లకి జ్ఞానం ఇవ్వమని, దేశాన్ని కాపాడమని. అందరూ ఆమేన్ అన్నారు. అమ్మమ్మ కాస్త ఆలస్యంగా అంది.