ప్రజారోగ్యం డాక్టర్ల సొత్తా?

ఇంటర్ పాసైన పిల్లలు పబ్లిక్ హెల్త్‌లో డిగ్రీ చేస్తామంటే "ఎంబీబీఎస్ లేకుండా నీకేం పని?" అనే పెద్దలే ఎక్కువ. ఈ శాస్త్రం పుట్టుక చూస్తే ఆ ప్రశ్న నిలవదు.

1842లో ఇంగ్లండ్ కార్మికుల పారిశుధ్యంపై నివేదిక రాసిన ఎడ్విన్ చాడ్విక్ న్యాయశాస్త్రం చదివినవాడు. 1854 లండన్ కలరాలో జాన్ స్నో డాక్టరే, కానీ చేసిన పని మాత్రం లెక్కలది. అవే వీధుల్లో రెండు కంపెనీలు నీళ్ళమ్మేవి. మురుగు కలిసేచోట థేమ్స్ నీరు తోడే కంపెనీ ఇళ్ళలో పదివేల ఇళ్ళకు 315 చావులు, ఎగువన తోడే కంపెనీకి 37. దేశం మొత్తం చావుల పద్దులు చూసే విలియం ఫార్, కలరాకు చెడుగాలే కారణమని అప్పట్లో నమ్మేవాడు. 1866లో తన అంకెలే నీటివైపు చూపితే నమ్మకం మార్చుకున్నాడు. ఉద్యోగమంతా పద్దుల మధ్య గడిపినవాడిగా నాకు స్నో కన్నా ఆయనంటేనే ఎక్కువ గౌరవం. అంకె నచ్చకపోతే అంకెనే దిద్దేవాళ్ళను చాలామందిని చూశాను మరి!

మన దేశానికొద్దాం. 1896లో బొంబాయిలో ప్లేగు వస్తే టీకా తయారుచేసిన హాఫ్కిన్ జంతుశాస్త్రవేత్త. 1897 జనవరిలో ముందు తన ఒంటికే వేసుకున్నాడు. 1902లో పంజాబులోని మల్కోవాల్‌లో ఒకే సీసాలోని టీకా వేసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద ఆయన మీద పడింది, ఉద్యోగం నుంచి తప్పించారు. లోపం ప్రయోగశాలది కాదని ఒప్పుకోవడానికి 1907 దాకా పట్టింది.

1932లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో కలకత్తాలో అఖిల భారత ప్రజారోగ్య సంస్థ వెలిసింది. 1946లో భోర్ కమిటీ చికిత్సతోపాటు నివారణ కూడా తెలిసిన డాక్టర్లు కావాలంది. రెండూ మంచివే. కానీ ఈ చదువు చాలాకాలం వైద్య పట్టాకు తోకగానే ఉండిపోయింది. హైదరాబాదులో 2008లో మొదలైన ఐఐపీహెచ్ వంటి సంస్థలు ఇతర పట్టభద్రులకూ పీజీలో తలుపు తెరిచాయి.

ఉద్యోగాలా? వ్యాధుల నిఘా, సర్వేలు, జిల్లా ఆరోగ్య కార్యక్రమాలు, స్వచ్ఛంద సంస్థలు. ప్రభుత్వ పథకాల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువే, ఇది దాచకూడదు. ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్య కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. తమిళనాడులో అది ఎప్పట్నుంచో ఉంది. మీ పిల్లల్ని ఈ డిగ్రీలో చేర్చేముందు కాలేజీవాళ్ళను రెండడగండి: గణాంకశాస్త్రం ఎన్ని సెమిస్టర్లు చెబుతారు? ఊళ్ళలోకి ఎన్ని వారాలు పంపుతారు?